రెండు పద్దుల ఏడాది

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
ఆరోగ్యశాఖ మూడో అంతస్తు కిటికీకి
లోపలివైపు కూడా మంచు పేరుకుంది.
దులంసురెన్ గారు గుడ్డసంచిలోంచి
మూడు లావుపాటి పుస్తకాలు తీసి బల్లమీద పెట్టారు.
అట్టలు ఎప్పుడో ఊడాయి. ఆకుపచ్చ టేపు పట్టి ఉంచింది.

"చెప్పు, నీ ప్రణాళిక."
చెప్పాను.
ముందు అనువాదం, తర్వాత శిక్షణ,
తర్వాత పాత కంప్యూటర్లకి కొత్త ప్రోగ్రాము.
నడుమ ఒక ఏడాది రెండు పద్దులు:
ప్రతి మరణాన్నీ పాత గుర్తుతో ఒకసారి,
కొత్త గుర్తుతో ఒకసారి రాయాలి.

"అంటే ఆ ఏడాది ఎవరు పోయినా
రెండుసార్లు పోవాలన్నమాట."

ఎవరూ నవ్వలేదు.
ఆవిరి గొట్టం ఒక్కటే దగ్గింది.

ముప్పై ఒక్కేళ్లుగా
డాక్టర్ల కోడిగీతల్లోంచి చావుకి కారణం ఏరుతున్న మనిషి.
'గుండె ఆగింది' అని రాసి పంపిన కుర్ర డాక్టరుకి
వెంటనే ఫోన్ చేసేది:
"ఎవరికి ఆగదు నాయనా?
ఎందుకాగిందో అది రాయి."

కొత్త వర్గీకరణలో, అన్నాను,
ఐ అనే అక్షరం ఉండదు, ఒకటిలా కనిపిస్తుందని.
ఓ కూడా ఉండదు, సున్నా అనుకుంటారని.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఓ అంటే నా పుస్తకంలో బాలింతలు.
ఒక చలికాలం తూర్పు జిల్లా కాగితాల్లో
ఓ బదులు సున్నా పడి
పదకొండుమంది తల్లులు లెక్కలోంచి జారిపోయారు.
ఒక్కొక్కరినీ వెనక్కి తేవడానికి
నాకు రెండు నెలలు పట్టింది.
పోనీలే. తీసేయడమే మంచిది."

మరి ఐ?

ఐ అంటే గుండె, రక్తనాళాలు.
ఇన్నాళ్లూ మెదడుపోటు కూడా ఆ గదిలోనే కాపురం.
ఇకమీదట నాడుల గదికి మారుతుంది.
"ఐ అరవై ఒకటి" అంది, పుస్తకం తెరవకుండానే.
"సోద్నోమ్‌ది నేనే రాశాను.
సెలవు తీసుకోమన్నారు.
ఇంకెవరైనా తప్పు రాస్తారని తీసుకోలేదు."

సోద్నోమ్ ఆవిడ భర్త.
ఆ కొత్త గుర్తు నా నోట్లో ఉంది,
ఎనిమిది, బి, రెండు సున్నాలు.
చెప్పలేకపోయాను.

"ఆయన్ని కూడా మారుస్తారా?"

లేదండీ. వెనకటివాళ్లు వెనకటి పద్దులోనే ఉంటారు.
గ్రాఫులో గుండెజబ్బుల గీత ఒక్కసారిగా కిందికి దిగుతుంది.
ఏ మంత్రిగారూ దానికి చప్పట్లు కొట్టించుకోకుండా
అక్కడొక నిలువుగీత గీసి
అడుగున చిన్న అక్షరాల్లో రాస్తాం:
ఇక్కడ రోగం తగ్గలేదు, ఇల్లు మారింది.

చాలాసేపు కిటికీలోని మంచునే చూసింది.
"మా అమ్మ గెర్ విప్పి ఒంటెల మీద కట్టాక
గడ్డిమీద గుండ్రంగా పచ్చటి మరక మిగిలేది.
బయల్దేరే ముందు దాన్ని శుభ్రంగా ఊడ్చేది.
ఎవరూ ఉండని చోటు ఊడవడమెందుకే అంటే
ఉన్నాం కదా, అనేది."

తర్వాత టీ వచ్చింది, ఉప్పు ఎక్కువైంది.
శిక్షణకి డబ్బు చాలదని ఒకాయన అన్నాడు.
అనువాదంలో ఒకే జబ్బుకి మూడు మాటలొచ్చాయని
ఇంకొకాయన పోట్లాడాడు.
తేదీ మాత్రం తేలలేదు.

సాయంత్రం నమూనా కాగితాల కట్ట ముందుకు తోశాను.
ఎడమ గడి పాతది, కుడి గడి కొత్తది.
మొదటి కాగితం గోబీ దిక్కునుంచి.
గొర్రెలకాపరి, అరవై నాలుగేళ్లు.
కారణం దగ్గర ఒకే మాట: చలి.

రెండు గడులూ ఖాళీగా వదిలేసి
దులంసురెన్ గారు ఫోన్ అందుకున్నారు.
అటువైపు చాలాసేపు మోగింది.